ప్రమాద పరిహారం: వైకల్యం శాతం కాలిదా, మనిషిదా?

సంపాదకులకు,

65వ నంబరు జాతీయ రహదారి మీద చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా, 44వ నంబరు రహదారి మీద షాద్‌నగర్ నుంచి అలంపూర్ చౌరస్తా దాకా జరిగే ప్రమాదాల వార్తలు మీ జిల్లా పేజీల్లో తరచూ ఉంటాయి. లోక్ అదాలత్ ముగిసిన మర్నాడు ఇన్ని వాహన ప్రమాద కేసులు రాజీ అయ్యాయి, ఇంత సొమ్ము ఇప్పించారు అన్న వార్త కూడా వస్తుంది. ఈ రెండు వార్తల నడుమ ఉండే లెక్క మాత్రం ఎక్కడా అచ్చుకాదు. ఒకే దెబ్బ తగిలిన ఇద్దరిలో ఒకరికి 11 లక్షలు, మరొకరికి 32 లక్షలు ఎలా వస్తాయో పాఠకుడికి తెలియదు. చాలాసార్లు దెబ్బ తిన్నవాడికీ తెలియదు. ఆ లెక్క గురించే ఈ ఉత్తరం. అందులో మన జిల్లాల వాళ్లు ఎక్కడ నష్టపోతున్నారో చూపడం నా ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెప్తాను: నష్టం వయసు పట్టికలో కంటే వైకల్యం శాతంలోనూ, రేపటి ఖర్చులకు కాగితం లేకపోవడంలోనూ ఎక్కువ జరుగుతోంది.

అందరి దృష్టీ ఆస్పత్రి బిల్లు మీదే ఉంటుంది. నిజానికి శాశ్వత వైకల్యం మిగిలిన కేసులో అది చిన్న ముక్క. సుప్రీంకోర్టు 2010లో రాజ్‌కుమార్ కేసులో చెప్పిన ప్రకారం చికిత్స, మందులు, రవాణా, బలమైన తిండి ఖర్చు ఒక పద్దు. మంచాన పడ్డ కాలంలో పోయిన సంపాదన ఒకటి. వైకల్యం వల్ల ఇకముందు పోయే సంపాదన ఒకటి. రాబోయే చికిత్స ఖర్చు ఇంకొకటి. నొప్పి, బాధ, జీవితంలో కోల్పోయిన సుఖాలు, పెళ్లి అవకాశాలు, తగ్గిన ఆయుష్షు ఇవన్నీ వేరు. వీటిలో పెద్దది ముందుముందు పోయే సంపాదన.

అంకెలు వేసి చూద్దాం. మేస్త్రీ, 32 ఏళ్లు, సెంట్రింగ్ పని, నెలకు 15,000 సంపాదన. మోకాలి కింద కాలు తీసేశారు. ఏడాదికి 1,80,000. సొంత పని చేసుకునేవాళ్లకు 40 ఏళ్ల లోపు వయసైతే భవిష్యత్తు ఎదుగుదల కింద 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేఠీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అది మరణాల కేసు. బతికి వైకల్యం మిగిలినవారికీ అదే వర్తిస్తుందని 2020లో పప్పు దేవ్ యాదవ్ కేసులో తేల్చారు. కలిపితే 2,52,000. ఏడాది నష్టాన్ని ఎన్ని ఏళ్లతో గుణించాలో చెప్పే అంకెను గుణకం అంటారు, అది వయసును బట్టి ఉంటుంది; ఆ వయసుకు గుణకం 16. అంటే 40,32,000. దీన్ని వైకల్యం శాతంతో గుణించాలి. సర్టిఫికెట్‌లో ఉన్న 40 శాతమే తీసుకుంటే 16,12,800. మేస్త్రీగా అతని సంపాదన శక్తి 80 శాతం పోయిందని రుజువు చేయగలిగితే 32,25,600. అదే మనిషి, అదే కాలు. ఒక్కో శాతం విలువ 40,320 రూపాయలు. ఎదుగుదల 40 శాతం కలపడం మరిచిపోతే మొదటి అంకె 11,52,000కు పడిపోతుంది. ఇంకో పొరపాటు కూడా జరుగుతుంటుంది: మరణం కేసుల్లో చనిపోయినవాడి సొంత ఖర్చు కింద మూడో వంతో నాలుగో వంతో తీసేస్తారు. బతికున్నవాడి కేసులో అది తీయకూడదు. అతను ఇంకా తింటున్నాడు, బట్ట కడుతున్నాడు.

శాతం దగ్గర కాస్త నిలబడాలి. ప్రభుత్వ దవాఖాన బోర్డు ఇచ్చే సర్టిఫికెట్ నమూనాలో ఫలానా శరీర భాగానికి సంబంధించి ఇంత శాతం శాశ్వత వైకల్యం అని రాసే ఖాళీ ఉంటుంది. అందులో కుడికాలు అని రాస్తే ఆ శాతం కుడికాలిదే, మనిషిది కాదు. వాహన ప్రమాద పరిహారం తేల్చే న్యాయస్థానమైన ట్రిబ్యునల్ దాన్ని మొత్తం శరీరానికి మార్చాలి. ఆ మార్పును డాక్టరు నోటితో చెప్పించకపోతే సగమో మూడో వంతో ఉజ్జాయింపుగా తీసుకుంటారు. అక్కడ 40,320 రూపాయల చొప్పున ఎన్ని శాతాలు జారిపోతాయో లెక్క వేసుకోవచ్చు. దీనికి తోడు మొత్తం శరీర వైకల్యం వేరు, సంపాదన శక్తి నష్టం వేరు. కాలు పోయిన బ్యాంకు గుమస్తా రేపు బల్ల దగ్గర కూర్చుని అదే జీతం తీసుకోవచ్చు. అదే కాలు పోయిన మేస్త్రీ పరంజా ఎక్కలేడు, సిమెంటు బస్తా మోయలేడు. 2014లో సయ్యద్ సాదిక్ కేసులో కుడికాలు పోయిన కూరగాయల వ్యాపారి సంపాదన శక్తి నష్టాన్ని సుప్రీంకోర్టు 85 శాతంగా లెక్కించింది. అదృష్టం కొద్దీ వచ్చిన అంకె కాదది. తిరిగి అమ్ముకోవడం, బరువు మోయడం ఎలా కుదరదో చూసి కట్టిన అంకె.

కాబట్టి సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు అడగాల్సింది మూడు సంగతులు. భాగానికి ఎంత, మొత్తం శరీరానికి ఎంత, అతను చేసే పనిలో ఏమేం చేయలేడు. మూడోది మాటల్లో ఉండాలి: గొంతుక్కూర్చోగలడా, నిచ్చెన ఎక్కగలడా, ఎంతసేపు నిలబడగలడు, ఎన్ని కిలోలు ఎత్తగలడు, తడి మట్టిలో నడవగలడా. వరినాటు వేసే కైకిలి మనిషికి మోకాలు 90 డిగ్రీలు దాటి వంగకపోతే పని మొత్తం పోయినట్టే. బోర్డు పట్టికలో ఆ మోకాలికి వచ్చే మార్కులు చూస్తే కొద్దిగానే ఉంటాయి. పట్టిక కొలిచేది కీలు కదలికను, బలాన్ని. కూలి డబ్బును అది కొలవదు, దాన్ని తప్పు పట్టాల్సిన పని కూడా లేదు.

రెండు చోట్ల దెబ్బలుంటే శాతాలను కూడకూడదు. కేంద్ర మార్గదర్శకాల్లో చేతులు కాళ్లకు వాడే సూత్రం ఇది: పెద్ద శాతానికి, చిన్న శాతాన్ని 90లోంచి పెద్దది తీసేయగా మిగిలినదానితో గుణించి 90తో భాగించి వచ్చింది కలపాలి. కాలిది 40, చేతిది 20 అయితే 60 కాదు, సుమారు 51. ఇది తెలియక 60 అని పిటిషన్‌లో రాస్తే బీమా కంపెనీ వకీలు మొదటి క్రాస్ ఎగ్జామినేషన్‌లోనే దాన్ని కొట్టేసి, మిగతా కాగితాల మీద కూడా అనుమానం పుట్టిస్తాడు.

సర్టిఫికెట్ ఎప్పుడు తీసుకున్నారన్నది కూడా శాతాన్ని మారుస్తుంది. ఎముక అతకకముందు, ఫిజియోథెరపీ పూర్తికాకముందు కొలిస్తే వైకల్యం ఎక్కువ కనిపిస్తుంది. కానీ బోర్డు దాన్ని తాత్కాలికం అని గడువు తేదీ వేసి ఇస్తుంది. ఆ కాగితంతో శాశ్వత నష్టం అడగలేరు. మరీ ఆలస్యం చేస్తే ఇది ప్రమాదం వల్లనే వచ్చిందా అన్న ప్రశ్న వస్తుంది. చికిత్స చేసిన డాక్టరు ఇక ఇంతకంటే మెరుగు కాదు అని రాశాక బోర్డు ముందుకు వెళ్లడం సరైన వరస. పింఛను కోసం సదరం క్యాంపులో తీసుకున్న సర్టిఫికెట్‌నే ట్రిబ్యునల్‌లో వేసి ఊరుకునేవాళ్లున్నారు. పింఛనుకు కావలసింది 40 శాతం గీత దాటిందా లేదా అన్నదే. ట్రిబ్యునల్‌కు కావలసింది గీతకు ఎంత పైన, ఎందువల్ల అన్నది. ఇక చికిత్స చేయని డాక్టరు ఎక్కడో కూర్చుని ఇచ్చే సర్టిఫికెట్లను గుడ్డిగా నమ్మొద్దని రాజ్‌కుమార్ తీర్పులోనే ఉంది. డాక్టర్లు కోర్టుకు రావడానికి జంకుతారు, అది నిజమే. వారికి ముందే సమయం కేటాయించాలని, కమిషన్ ద్వారా, అంటే కోర్టు నియమించిన మనిషిని పంపి కూడా సాక్ష్యం తీసుకోవచ్చని అదే తీర్పు చెప్పింది. ఆ వెసులుబాటును వకీళ్లు అడిగి తీసుకోవాలి.

మన జిల్లాకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు నడివయసు దాటినవాళ్లలో ఫ్లోరోసిస్ వల్ల వెన్ను, కీళ్లు ముందే బిగుసుకుపోయినవారు ఉన్నారు. అలాంటివాడిని బండి గుద్దితే, ఈ వైకల్యం పాతదే అని బీమా వాదన మొదలవుతుంది. ముందు 20 శాతం, ఇప్పుడు 50 శాతం, కాబట్టి 30 శాతానికే ఇస్తాం అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది కానీ లెక్క తప్పు. ఆ మనిషి పాత 20 శాతంతోనే పని చేసి నెలకు 9,000 తెస్తున్నాడు. ఫ్లోరైడ్ చేసిన నష్టం ఆ 9,000లో ఇదివరకే తగ్గి ఉంది. ఒళ్లు బాగున్నవాడైతే 15,000 తెచ్చేవాడు. తక్కువ సంపాదనను ఆధారంగా తీసుకుని, మళ్లీ శాతంలో కూడా కోత పెడితే ఒకే నష్టాన్ని రెండుసార్లు తీసేసినట్టు. ఇలాంటి కేసుల్లో ప్రమాదానికి ముందటి ఎక్స్‌రేలు, ఉపాధి హామీ జాబ్ కార్డులో నమోదైన పనిరోజులు చాలా విలువైనవి. ముందు రోజు దాకా అతను పనిలోకి పోయాడని అవి చెప్తాయి.

ఇప్పుడు గుణకం. 1990ల మొదట్లో సూసమ్మా థామస్ కేసుతో ఈ పద్ధతి ఇక్కడ స్థిరపడింది, 2009లో సరళా వర్మ కేసుతో పట్టిక ఒక్కటయింది. మీ పత్రిక దీన్ని ఒకసారి పెట్టెకట్టి వేస్తే బాగుంటుంది: 15 నుంచి 25 ఏళ్ల దాకా 18, 26–30కి 17, 31–35కి 16, 36–40కి 15, 41–45కి 14, 46–50కి 13, 51–55కి 11, 56–60కి 9, 61–65కి 7, ఆపైన 5.

ఇరవై ఐదేళ్ల వాడికి ఇంకా 40 ఏళ్ల సంపాదన ఉండగా 18 ఏళ్లకే ఎందుకిస్తారు అని అడుగుతారు. మొత్తం ఒకేసారి చేతికి వస్తుంది గనుక, దాని మీద వడ్డీ కూడా వస్తుంది గనుక. 40 ఏళ్లపాటు ఏటా ఒక రూపాయి రావాలంటే 5 శాతం వడ్డీ దగ్గర ఈరోజు 17 రూపాయల 16 పైసలు చాలు, 3 శాతం దగ్గర 23 రూపాయల 11 పైసలు కావాలి, 2 శాతం దగ్గర 27 రూపాయల 36 పైసలు. ఇక్కడ వడ్డీ అంటే ధరల పెరుగుదల తీసేశాక మిగిలేది. బ్యాంకు 7 శాతం ఇచ్చి ధరలు 5 శాతం పెరిగితే నికరంగా మిగిలేది 2 శాతం లోపే. 18 అన్న గుణకం సుమారు 4.7 శాతం నికర వడ్డీని ఊహిస్తోంది. మన ఊళ్లో ఏ బ్యాంకు ఇస్తుంది అంత? అయితే పైన కలిపే 40 శాతం దీన్ని కొంత సరిచేస్తుంది: 18ని 1.4తో గుణిస్తే 25.2, అది 40 ఏళ్లకు సుమారు 2.5 శాతం నికర వడ్డీకి సమానం. 45 ఏళ్ల వాడికి కలిపేది 25 శాతమే, కాబట్టి 14ను 1.25తో గుణిస్తే 17.5. అరవై ఐదు దాకా పనిచేస్తాడనుకుంటే అది 1.3 శాతానికి సమానం. 58 ఏళ్ల వాడికి 10 శాతం కలిపితే 9.9 వస్తుంది, 65 దాకా ఉన్నవి ఏడేళ్లే. అంటే పట్టిక పెద్దవయసువాళ్ల విషయంలో ఉదారంగా, కుర్రాళ్ల విషయంలో పిసినారిగా ఉంది. బొంబాయి, పుణె భవనాల పనికి పోయే పాలమూరు పిల్లలు ఈ రెండో రకంలో పడతారు.

ఇంగ్లండులో ఈ పనికి 1984లో మొదట అచ్చయిన ఓగ్డెన్ పట్టికలు వాడుతున్నారు. అక్కడ నికర వడ్డీని ప్రభుత్వం ప్రకటిస్తుంది. 2001లో 2.5 శాతం, 2017లో మైనస్ 0.75, 2019లో మైనస్ 0.25, 2025 జనవరి నుంచి 0.5. అంకె మారిన ప్రతిసారీ గుణకాలూ మారతాయి. 2007 నుంచి ఆ పట్టికల్లో మరొకటి చేర్చారు: వైకల్యం ఉన్నవాడికి పని దొరికే అవకాశం ఎంత తగ్గుతుందన్నది వేరే అంకెగా. మన దగ్గర కీలు బిగుసుకుపోవడం, పని దొరకకపోవడం రెండూ ఒకే శాతంలో కలిసిపోయాయి. గొడవంతా అక్కడే. అయినా పట్టిక మార్చే అధికారం నల్లగొండ ట్రిబ్యునల్‌కో మహబూబ్‌నగర్ ట్రిబ్యునల్‌కో లేదు. దాని మీద వాదించి లాభం లేదు. శ్రమ పెట్టాల్సింది పట్టిక కట్టివేయని చోట్ల.

అలాంటి చోటు రేపటి వైద్య ఖర్చు, చూసుకునే మనిషి ఖర్చు. వెన్నుపూస దెబ్బతిని నడుము కింద చచ్చుబడిన 28 ఏళ్ల వాడిని తీసుకోండి. చూసుకునే మనిషికి నెలకు 8,000 అనుకుంటే ఏడాదికి 96,000. గుణకం 17తో 16,32,000. చాలా పిటిషన్లలో ఈ పద్దు కింద ఆధారం ఉండదు, ఒక లక్ష అనే గుండు అంకె పడుతుంది. భార్యే చూసుకుంటోంది కదా, ఖర్చేముంది అంటారు. భార్య మానేసిన కైకిలి ఖర్చు కాదా? ఆరోగ్య ఆర్థికశాస్త్రంలో దీనికి రెండు కొలతలున్నాయి: ఆమె వదులుకున్న కూలి ఎంత, లేదా ఆమె బదులు మనిషిని పెడితే ఎంత ఇవ్వాలి. రెంటిలో ఏది తీసుకున్నా సున్నా రాదు. 2020లో కాజల్ కేసులో పన్నెండేళ్ల పిల్లకు ఇద్దరు సహాయకులకు నెలకు 5,000 చొప్పున, గుణకం 18తో 21,60,000 ఇచ్చారు. సహాయకుల ఖర్చును గుండు అంకెగా కాక గుణకంతోనే లెక్కించాలనడానికి ఇదే ఆధారం. నన్నడిగితే ఇక్కడ 18 కూడా తక్కువే. అది పనిచేసే వయసుకు కట్టింది, సహాయం బతికినంతకాలం కావాలి. రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం రాష్ట్రాల వారీగా ఆయుర్దాయ పట్టికలు ప్రచురిస్తుంది, వాటిని సాక్ష్యంగా వేయొచ్చు.

ఇలాంటి రోగికి నెలనెలా పోయే సరుకులు యూరిన్ క్యాథెటర్, బ్యాగులు, గ్లవ్స్, డైపర్లు, పుండ్లకు కట్లు, మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు యాంటీబయాటిక్స్. గాలి పరుపు కొన్నేళ్లకొకసారి. ఒక్క నెల బిల్లు చూపితే అది ఎక్కువ ఖర్చయిన నెల అంటారు. వరసగా ఆరు నెలల బిల్లులు, తక్కువ ఖర్చయిన నెలలతో సహా, పేరుతో, మందుల చీటీతో కలిపి పెడితే ఆ సగటును తోసిపుచ్చడం కష్టం. ఇది జీవితాంతం కావాలని డాక్టరు ఒక్క వాక్యం రాయాలి. ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ అయినవాళ్లు బిల్లు లేదు కదా అని ఊరుకుంటారు. డిశ్చార్జి తర్వాత కొన్న మందులు, ఊరి నుంచి దవాఖానకు ఆటో, వెంట వచ్చిన మనిషి పోగొట్టుకున్న కూలి ఇవి ఆరోగ్యశ్రీలో రావు. ఆ కాగితాలు దాచాలి. రాడ్డు, ప్లేట్లు తీయడానికి మళ్లీ ఆపరేషన్ ఉంటే డిశ్చార్జి కాగితంలో ఆ మాట రాయించుకోవాలి.

కృత్రిమ కాలు సంగతి మరీ తేలిక లెక్క, అయినా తరచు తప్పుతుంది. మిగిలిన మొండి కాలు సన్నబడుతుంది, దాన్ని పట్టి ఉంచే సాకెట్ వదులవుతుంది. పొలం పని చేస్తే పాదం త్వరగా అరుగుతుంది. ఒక కాలు 2 లక్షలు, ఐదేళ్లు వస్తుంది అనుకుందాం. 30 ఏళ్ల వాడికి 70 దాకా ఎనిమిది కాళ్లు కావాలి. ఉత్తినే గుణిస్తే 16 లక్షలు, ఇది ఎక్కువ. ఒక్క కాలికే ఇస్తే 2 లక్షలు, ఇది అన్యాయం. 3 శాతం నికర వడ్డీతో ఈరోజు విలువకు తెస్తే ఒక కాలి ధరకు 5.05 రెట్లు, సుమారు 10 లక్షల 10 వేలు. కాలు తయారుచేసే కేంద్రం నుంచి కొటేషన్, ఎన్నేళ్లు వస్తుందో రాతపూర్వకంగా తెచ్చుకుంటే చాలు, మిగతాది కాగితం మీద లెక్క.

నొప్పికి, బాధకు ఇలాంటి సూత్రం లేదు. ఆరోగ్య ఆర్థికశాస్త్రంలో జీవన నాణ్యతను సున్నా నుంచి ఒకటి దాకా కొలిచే ప్రశ్నావళులు ఉన్నాయి. వాటిని రూపాయల్లోకి మార్చి ట్రిబ్యునల్‌లో వాడాలని కొందరంటారు. నాకది ఇష్టం లేదు. తలసరి ఆదాయంతో ముడిపెడితే పేద జిల్లా మనిషి నొప్పి చవకవుతుంది. మనిషి ముందు ఎలా ఉండేవాడు, ఇప్పుడు ఎలా ఉన్నాడు అని చూపడానికి మాత్రం ఆ ప్రశ్నలు పనికొస్తాయి.

వయసు రుజువు విషయం చిన్నదిగా కనిపిస్తుంది. మన పల్లెల్లో ఎంతోమంది ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1. సరిగ్గా 39 ఏళ్లంటే 15ను 1.4తో గుణించి 21. నలభై అంటే 15ను 1.25తో గుణించి 18.75. నలభై ఒకటంటే 17.5. నెలకు 12,000 సంపాదనకు, నూరు శాతం నష్టానికి 39కీ 41కీ మధ్య తేడా 5,04,000 రూపాయలు. 2024 అక్టోబరులో సరోజ్ కేసులో సుప్రీంకోర్టు ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని, బడి సర్టిఫికెట్‌ను తీసుకోవాలని చెప్పింది. ఐదో తరగతి దాకా చదివినా సరే, ఆ బడి రికార్డు తీయించాలి.

సంపాదన రుజువు లేకపోతే ఊహా ఆదాయం వేస్తారు. అది ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. 2004లో జరిగిన ప్రమాదంలో కూలి మనిషికి 3,000 బదులు 4,500 వేయాలని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది, అదీ 2011లో. మేస్త్రీ రాసుకునే కూలి పుస్తకం, పాలకేంద్రం పాసుపుస్తకం, ఫోన్‌పే జమలు, ఆటో పర్మిట్, ప్రమాద తేదీనాటి కనీస వేతనాల జీవో ఇవి ఉంటే ఊహతో పని తగ్గుతుంది. రైతుకైతే భూమి ఎక్కడికీ పోలేదు కదా అంటారు, అది కోర్టులు ఒప్పుకున్న మాటే. కాబట్టి పంట ఆదాయం మొత్తం అడగకుండా, తాను చేసే పని, అజమాయిషీ బదులు ఎవరికి ఎంత కూలి ఇస్తున్నాడో చూపాలి. దున్నడానికి, నీళ్లు పెట్టడానికి, పత్తి ఏరించడానికి విడివిడిగా రాస్తే నిలుస్తుంది.

ఎంత సరైన లెక్క వేసినా కొట్టుకుపోయే సందర్భం ఒకటుంది. పత్తి ఏరే రోజుల్లో ట్రాక్టర్ ట్రాలీల్లో, సరుకు ఆటోల్లో కూలీలను ఎక్కిస్తారు. సరుకు బండిలో ఊరికే ఎక్కిన మనిషికి బీమా కంపెనీ బాధ్యత లేదని 2002 నుంచి సుప్రీంకోర్టు చెప్తూనే ఉంది. అప్పుడు సాధారణంగా బండి యజమాని దగ్గర వసూలు చేసుకోవాలి. చాలా చోట్ల అతనూ అదే ఊరి చిన్న రైతు.

తాటిచెట్టు మీంచి పడి వెన్ను విరిగిన గీత కార్మికుడికి ఈ లెక్క ఏదీ దొరకదు. అక్కడ వాహనం లేదు, యజమాని లేడు. ప్రభుత్వం ఇచ్చే ఒక స్థిర మొత్తమే. రైతు బీమా కూడా మరణానికే. ఇంటి ఖర్చుల కోణంలో చూస్తే మంచాన పడ్డ మనిషికే డబ్బు ఎక్కువ కావాలి, ఎందుకంటే సంపాదన పోయి ఖర్చు పెరుగుతుంది. పథకాలు రాసేవాళ్లు ఇది ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా ఈ వైపు కొంత చూస్తుంది: రెండు కళ్లో రెండు కాళ్లో పూర్తిగా పోతే 2 లక్షలు, ఒక కన్నో ఒక కాలో పోతే లక్ష. తక్కువే, కానీ ఖాతాలో 20 రూపాయలు లేక ఆగిపోయిన పాలసీలు ఎన్నో ఉంటాయి.

బయటి రాష్ట్రంలో పనిలో దెబ్బతిన్నవాళ్లకు యజమాని ఇవ్వాల్సిన పరిహారం వేరు లెక్క: నెల వేతనంలో 60 శాతాన్ని వయసు అంకెతో గుణిస్తారు. 32 ఏళ్లకు ఆ అంకె 203.85, వేతనం 15,000 దగ్గర ఆగుతుంది. నూరు శాతం వైకల్యానికి 18,34,650. పైన చూసిన మేస్త్రీకి మోటారు వాహనాల లెక్కలో నూరు శాతానికి 40,32,000. పనిలో ఉండగా వాహనం తగిలితే రెంటిలో ఒక్కటే ఎంచుకోవాలి. కాంట్రాక్టరు సంతకం పెట్టమన్న కాగితం మీద సంతకం పెట్టేముందు ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసి చూసుకోవాలి.

లోక్ అదాలత్ రాజీ విషయంలోనూ అంతే. అక్కడి అవార్డు మీద అప్పీలు ఉండదు. ఎముక అతకని కేసు, లోపల చీము పట్టి మళ్లీ ఆపరేషన్ తప్పదన్న కేసు రాజీకి పెడితే తర్వాత వచ్చే ఖర్చు ఇంటిదే. వైకల్యం స్థిరపడిన, కాగితాలన్నీ ఉన్న కేసుకు రాజీ మంచిదే, ఏళ్లు మిగులుతాయి. వచ్చిన 20 లక్షలు 7 శాతానికి వేసి వడ్డీ తింటే నెలకు సుమారు 11,667. ధరలు ఏటా 5 శాతం పెరిగితే పద్నాలుగేళ్లకు దాని విలువ సగం. కాబట్టి మొదటి ఏళ్లలో వడ్డీ మొత్తం తినకుండా కొంత అసలులో కలపాలి. ట్రిబ్యునల్ సొమ్మును విడతలుగా డిపాజిట్ చేయిస్తే విసుక్కోకండి.

చివరగా తేదీల సంగతి. 2022 ఏప్రిల్ 1 తర్వాత జరిగిన ప్రమాదాలకు ఆరు నెలల్లోగా పిటిషన్ వేయాలని చట్టంలో ఉంది. ప్రమాదం ఎక్కడ జరిగినా బాధితుడు ఉండే చోట వేయొచ్చు, పుణెలో దెబ్బ తగిలిన నారాయణపేట మనిషి పుణె తిరగనక్కర్లేదు. పోలీసులు 48 గంటల్లో మొదటి నివేదిక, 90 రోజుల్లో సమగ్ర నివేదిక ట్రిబ్యునల్‌కు పంపాలి. పంపారో లేదో స్టేషన్‌లో అడిగి నకలు తీసుకోవచ్చు. ఢీకొట్టి పారిపోయిన బండి దొరక్కపోతే మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రెవెన్యూ అధికారి ద్వారా వస్తాయి. వైకల్యం స్థిరపడటానికి ఆరు నెలలు చాలకపోతే పిటిషన్ ముందు వేసి, సర్టిఫికెట్ తర్వాత దాఖలు చేయొచ్చు. ఆ సర్టిఫికెట్ కోసమని పిటిషన్ ఆపకండి.

గణాంకశాస్త్ర అధ్యాపకుడు,
నల్లగొండ